పిల్లల చేతిలో పని లాక్కోకండి: ముంజకాయ బండి నుంచి కోడింగ్ క్లాసు దాకా

ఈ ఎపిసోడ్ ఫోన్ల గురించి కాదు, జాబుల గురించి కాదు. ఇంట్లో మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ మధ్య పిల్లలున్న వాళ్ళ కోసం. మీకు పెళ్ళి కాలేదా? పర్లేదు, అక్క పిల్లలో అన్న పిల్లలో ఉంటారుగా, సెలవులకొచ్చి మీ ఫోను లాక్కునే బ్యాచ్. వాళ్ళ కోసం చూడండి.

ఎందుకీ టాపిక్ అంటే, కొన్నాళ్ళుగా నాకు ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "అక్కా, మీరు బీటెక్ చేశారు, సాఫ్ట్‌వేర్‌లో పనిచేశారు. మా వాడికి నాలుగేళ్ళు. క్రియేటివిటీ పెరుగుతుందంటున్నారు, కోడింగ్ క్లాసులో చేర్పించమంటారా?" గుడివాడ నుంచి అడిగారు, బందరు నుంచి అడిగారు. అవనిగడ్డ నుంచి ఒకావిడైతే ఫీజు రసీదు ఫొటో పెట్టి మరీ అడిగారు. అంటే కట్టేశాక అన్నమాట.

నా జవాబు ముందే చెప్పేస్తా. నాలుగేళ్ళకి వద్దు. ఆ డబ్బు దాచుకోండి. ఈ ఎండాకాలం వాడికి రెండు ముంజకాయలు ఇవ్వండి. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా.

ముంజకాయ బండి తెలుసు కదా? తెలియనివాళ్ళకి చెప్తాను. ముంజలు తినేశాక మిగిలే కాయ బుర్రలు రెండు తీసుకుంటారు. వాటి మధ్యలో ఒక పుల్ల గుచ్చితే అది ఇరుసు. చివర పంగ ఉన్న పొడుగాటి కర్ర ఆ ఇరుసు మీద ఆనించి తోసుకుంటూ పరిగెత్తడమే. మా చిన్నప్పుడు అది మగపిల్లల ఆట అనేవాళ్ళు. నేనూ తోలాను, మోకాళ్ళు కొట్టుకుపోయాయి, అది వేరే కథ.

ఇప్పుడు ఆ బండి చేసే పిల్లాణ్ణి కాసేపు పక్కన కూర్చుని చూడండి. ఒక కాయ పెద్దది, ఒకటి చిన్నది పెట్టాడనుకోండి, బండి ఒక పక్కకే లాగేస్తుంది. వాడు ఆగుతాడు. కాయ మారుస్తాడు. పుల్ల సన్నగా ఉంటే కాయ జారిపోతుంది. ఇంకో పుల్ల వెతుకుతాడు, లేదా చివర ఒక మేకులాంటిది గుచ్చుతాడు. రెండు మూడు రోజులకి కాయ ఎండి ముడుచుకుపోతుంది, మళ్ళీ కొత్త కాయ. నేను ఆఫీసులో నాలుగేళ్ళు చేసిన పని ఇదే అండి. ఏదో అనుకున్నట్టు నడవదు, ఎందుకు నడవలేదో ఊహించు, ఒక్కటి మార్చి చూడు. ఆ అలవాటు చేతుల్లోంచి వస్తుంది. ట్యాబ్‌లో బొమ్మ పిల్లిని నాలుగు గళ్ళు నడిపిస్తే దానంతట అది రాదు. అక్కడ సరైన జవాబు ఒకటే, అదీ ఎవరో ముందే రాసిపెట్టింది. కాస్త పెద్దయ్యాక కోడింగ్ నేర్చుకుంటే మంచిదే, నాకేం కోపం లేదు. నేను అన్నం తిన్నదే దాని మీద.

1971లో సైమన్ నికల్సన్ అని ఒక బ్రిటిష్ ఆర్టిస్టు ఒక వ్యాసం రాశాడు. ఆయన చెప్పింది సింపుల్‌గా ఏంటంటే, ఒక చోట ఎంత కొత్త ఆలోచన పుడుతుందనేది అక్కడ కదపగలిగేవి, మార్చగలిగేవి ఎన్ని ఉన్నాయనే దాని మీద ఆధారపడి ఉంటుంది. విడి వస్తువులు అన్నాడు. రాళ్ళు, కర్రలు, నీళ్ళు, డబ్బాలు, తాళ్ళు. మన పెద్ద వాళ్ళు, డిజైనర్లు, సరదా అంతా మనమే చేసేసుకుని, పూర్తయిపోయిన వస్తువు పిల్లల చేతిలో పెడుతున్నాం, ఇది వాళ్ళని మోసం చెయ్యడమే అన్నాడు. బటన్ నొక్కితే పాట పాడే కారు గుర్తొచ్చిందా? అది వాడి కోసం అన్నీ చేసేస్తుంది. వాడికి మిగిలిన పని ఒక్కటే, దాన్ని పగలగొట్టడం. అందుకే పగలగొడతాడు!

మన డెల్టాలో విడి వస్తువులకి కొదవా చెప్పండి? కొబ్బరాకు ఉంటే బూర, పాము, వాచీ, కళ్ళజోడు. తాటాకు ఉంటే గాలిమర. ఎండాకాలం కాలవలు కట్టేశాక అడుగున దొరికే నల్లమట్టి. కాస్త ఊక కలిపి పిసికితే బొమ్మ ఆరేటప్పుడు పగుళ్ళు తగ్గుతాయి. మంగినపూడి వెళ్తే గవ్వలు, తడి ఇసుక. అయితే ఇక్కడ ఒక మాట. మా అమ్మమ్మ కాలంలో అంతా స్వర్గం, ఇప్పుడంతా పాడైపోయింది అని చెప్పే వీడియో కాదిది. అప్పుడు ఎవరూ కూర్చుని పిల్లల క్రియేటివిటీ పెంచలేదు. పెద్దవాళ్ళు పొలంలో ఉండేవాళ్ళు, పిల్లలకి టైము ఉండేది, అంతే. ఆడపిల్లలకి అది కూడా లేదు, చంకలో తమ్ముణ్ణి వేసుకుని ఆడుకున్నారు. ఇప్పుడు గుడివాడలో అపార్ట్‌మెంట్ మూడో ఫ్లోర్లో ఉన్న పిల్లకి ఆ టైము, ఆ మట్టి వాటంతటవి రావు. మనం పూనుకుని ఇవ్వాలి. తేడా అక్కడుంది.

సరే, ఇచ్చాం. ఇచ్చాక మనం చేసే అసలు తప్పుడు పని వేరే ఉంది. లాక్కోవడం.

మా అక్క కూతురి సంగతి చెప్తా. పేరెందుకు, బుజ్జి అనుకుందాం. గుడివాడలోనే ఎల్‌కేజీ. మూడేళ్ళప్పుడు దానికి గోడ కనిపిస్తే చాలు, గీతలే. స్కూల్లో వేశాక యాపిల్ బొమ్మ ఉన్న షీటు ఇచ్చారు, రంగు వెయ్యమని. ఇది నీలం వేసింది. గీత కూడా దాటింది. వాళ్ళు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పంపారు. అలాంటివి ఇంకో నాలుగైదు వచ్చాయి. ఏ స్కూలు అని అడక్కండి, చాలా చోట్ల ఇదే నడుస్తోంది. సంక్రాంతికి నేను వెళ్ళేసరికి పరిస్థితి ఏంటంటే, క్రేయాన్ చేతికిస్తే తిరిగి నాకే ఇచ్చేస్తోంది. "పిన్నీ, నాకు రాదు. నువ్వే వెయ్యి" అంటోంది. నాలుగేళ్ళ పిల్ల "నాకు రాదు" అంటోందండి. నాలుగేళ్ళకి రాకపోవడం అంటూ ఏముంటుంది?

ఇక్కడ కొంచెం విషయం తెలుసుకోవాలి. పిల్లల బొమ్మలు ఒక వరసలో మారుతూ వస్తాయి. ఏడాదిన్నర, రెండేళ్ళకి పిచ్చిగీతలు. చెయ్యి ఊపితే కాగితం మీద గుర్తు పడుతుందా అన్న ఆశ్చర్యమే అక్కడ ఆట. మూడేళ్ళ ప్రాంతంలో గీత చుట్టూ తిరిగొచ్చి కలుస్తుంది, సున్నా అవుతుంది. అది పెద్ద విజయం. మూడు, నాలుగేళ్ళకి ఆ సున్నాలోంచే కాళ్ళు మొలుస్తాయి, తలకే కాళ్ళు చేతులు. మీ ఇంట్లో గోడ మీద చూడండి, ఉంటుంది. ఐదారేళ్ళకి కింద నేల గీత, పైన ఆకాశం గీత, మధ్యలో ఇల్లు వస్తాయి. ప్రపంచంలో చాలా చోట్ల పిల్లలు ఇంచుమించు ఈ దారిలోనే వెళ్తారు. ఈ వయసులు అటూ ఇటూ అవుతాయి, మీ వాడు ఇంకా సున్నా దగ్గరున్నాడని కంగారు పడకండి. కానీ ఈ దారిలో నడవాలంటే వాడే నడవాలి. మధ్యలో మనం చెయ్యి పట్టుకుని యాపిల్ గీయిస్తే, వాడికి తెలిసేది ఒక్కటే, నా గీత తప్పు, అమ్మ గీత ఒప్పు.

బుజ్జి విషయంలో మేం ఏం చేశామంటే, ముందు డ్రాయింగ్ పుస్తకం బీరువాలో పెట్టేశాం. బొమ్మ వెయ్యి అనే మాటే లేదు. మా బావగారు ఫ్రిజ్ కొన్నారు, ఆ అట్టపెట్టె పారేయకుండా హాల్లో ఉంచేశాం. అక్క తిట్టుకుంది, ఇల్లంతా అడ్డం అని. మొదటి రోజు అది ఇల్లు. రెండో రోజు గుహ. తర్వాత బస్సు అయింది, గుడివాడ టు బందరు. వాళ్ళ తాతయ్య పాసింజరు, పెడనలో దిగాలి ఆయన, దింపదు. ఓ వారం తర్వాత దానికి సమస్య వచ్చింది. బస్సుకి బోర్డు లేదు. బోర్డు లేకపోతే జనం ఎలా ఎక్కుతారు? "పిన్నీ, పెన్ను" అంది. నేను రాస్తానని అనలేదు, పెన్ను ఇచ్చాను. అడ్డంగా నాలుగు గీతలు, రెండు సున్నాలు గీసి "బందరు" అంది. ఆ తర్వాత కిటికీలు, కిటికీల్లో తలకాయలు, తలలకి కాళ్ళు. ఆ రోజు నుంచి మళ్ళీ గీస్తోంది. స్కూలు షీటు వస్తే మాత్రం ఇప్పటికీ భయంగానే, ఒక్క గీత దాటకుండా వేస్తుంది. పోనీలెండి, అది స్కూలు పని, ఇది దాని పని.

చాలామంది అడిగే ఇంకో విషయం, మెచ్చుకోవడం. "సూపర్ నాన్నా, ఇదిగో చాక్లెట్" అనొచ్చా? 1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళ నర్సరీలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న 51 మంది చిన్నపిల్లలు. కొందరికి ముందే చెప్పారు, గీస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని. కొందరికి చెప్పకుండా, గీసేశాక ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత క్లాసులో స్కెచ్ పెన్నులు ఊరికే పెట్టి చూశారు. ఎవరైనా వాడుకోవచ్చు, బహుమతి లేదు. బహుమతి వస్తుందని ముందే తెలిసి గీసిన పిల్లలు, మిగతా వాళ్ళతో పోలిస్తే దాదాపు సగం టైమే గీశారు. ఇష్టంగా చేసే పని కాస్తా కూలికి చేసే పనైపోయింది. ఒక్క ప్రయోగంతో అన్నీ తేలిపోవు గానీ, మన ఇళ్ళలో నాకు కనిపించేది మాత్రం ఇదే.

మరి ఏమనాలి? చూసింది చెప్పండి, చాలు. "ఇక్కడ నీలం చాలా వేశావే", "ఈయనకి కాళ్ళు పొడుగ్గా ఉన్నాయి, ఎక్కడికెళ్తున్నాడు?" అనండి. "ఇదేంటి?" అని మాత్రం వెంటనే అడక్కండి. ఒక్కోసారి వాడికే తెలియదు, అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి కుక్క అంటాడు. ఏనుగు గీసిపెట్టమని అడిగితే పెన్ను తీసుకోకండి. "ఏనుగుకి ఏముంటాయి? తొండం ఎక్కడుంటుంది?" అని మాట కలపండి. ఆ మాట్లాడుకోవడంలోనే వాడు గీసేస్తాడు. ఏనుగులా ఉండదు. ఉండక్కర్లేదు.

మధ్యలో బుజ్జిని ఒకసారి పెడన తీసుకెళ్ళాం. బందరు కలంకారీ అని పేరే గానీ పని ఎక్కువగా నడిచేది పక్కనున్న పెడనలో. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ టేకు చెక్క మీద చెక్కిన అచ్చులు. గుడ్డని కరక్కాయ, గేదె పాలలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి నల్లరంగు తీస్తారు. అచ్చు పక్కన అచ్చు వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి, లేకపోతే గుడ్డ పాడైనట్టే. అంత కచ్చితంగా పనిచేసే పెద్దాయన ఏం చేశారో తెలుసా? ఇది గొణుగుతుంటే ఒక అరిగిపోయిన పాత అచ్చు, పనికిరాని గుడ్డముక్క దీని ముందు పెట్టి తన పనిలో తను పడిపోయారు. ఇలా పట్టుకో, ఇలా వెయ్యి, ఏమీ చెప్పలేదు. ఇది తలకిందులుగా వేసింది, ఒకదాని మీద ఒకటి వేసింది, చివరికి అరచేయి వేసింది. ఆయన ఓసారి చూసి "చెయ్యి బాగా పడిందమ్మా" అన్నారు. అదొక్కటే మాట.

ఇంటికొచ్చాక బెండకాయ అడ్డంగా కోసి అచ్చులు. బంగాళాదుంప అచ్చులు. రంగులకి వంటిల్లే. పసుపు నీళ్ళలో చిటికెడు వంటసోడా వేస్తే ఎర్రగా తిరుగుతుంది, పిల్లలు కేకలేస్తారు. పారాణి కూడా ఇదే లెక్క, పసుపులో సున్నం. పిల్లలతో మాత్రం సున్నం వద్దు, కంట్లో పడితే ప్రమాదం. నీలం శంకుపూలు వేడినీళ్ళలో వేస్తే నీలిరంగు దిగుతుంది. చల్లారాక నిమ్మరసం పిండితే ఊదా, గులాబీ అయిపోతుంది. మరకలవుతాయి, పాత బట్టలు వెయ్యండి. ధనుర్మాసంలో ముగ్గు వేసేటప్పుడు వాకిట్లో ఒక మూల వాళ్ళకి వదిలెయ్యండి, పిడికెడు బియ్యప్పిండి ఇచ్చి. ఆ మూల ఎవరూ సరిచెయ్యకూడదు, అదొక్కటే రూలు. పక్కింటావిడ నవ్వుతారు. నవ్వనివ్వండి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి, ఇవి స్కిప్ చెయ్యొద్దు. మట్టి కోసం కాలవ గట్టుకి పిల్లల్ని ఒంటరిగా పంపకండి. దివిసీమలో ఉన్నవాళ్ళకి నేను చెప్పాలా, మురుగుకాలవ, చేపల చెరువు, ఎటు చూసినా నీళ్ళే. మట్టి మీరే తెచ్చి ఇవ్వండి. మూడేళ్ళలోపు వాళ్ళకి చింతగింజలు, గవ్వలు లాంటివి ఇవ్వొద్దు, నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి. ఇంకొకటి, గురివింద గింజలు. మట్టి వినాయకుడికి కళ్ళుగా పెడతాం కదా, ఎర్రగా నల్లచుక్కతో ముద్దుగా ఉంటాయి. అవి విషం. నమిలి మింగితే ప్రాణం మీదకొస్తుంది. ఏ వయసు పిల్లలకైనా ఆ గింజలు ఆటకి వద్దే వద్దు.

ఇప్పుడు కామెంట్లలో రాబోయే ప్రశ్న నేనే అడిగేస్తా. "అక్కా, పామర్రు నుంచి దివిసీమ వైపు వెళ్ళే దారిలోనే కూచిపూడి ఉంది. అక్కడ పిల్లలు చిన్నప్పటి నుంచీ క్రమశిక్షణగా నేర్చుకోబట్టే కదా కళాకారులయ్యారు? నువ్వేమో ఏమీ నేర్పొద్దంటావు." నేర్పొద్దని నేననలేదు. ఒక కళ నేర్చుకోవాలంటే గురువు కావాలి, అడుగు తప్పితే దిద్దాలి, ఏళ్ళ తరబడి చెయ్యాలి. కానీ అలాంటి ఊళ్ళో పిల్ల క్లాసులో చేరేముందే ఎంత చూసి ఉంటుంది, అరుగు మీద ఎంత గెంతి ఉంటుంది? ఆ గెంతడాన్ని ఎవరూ దిద్దరు. మనం ఆ భాగం ఎగరగొట్టేసి, నాలుగో ఏట డైరెక్టుగా ఫీజు దగ్గర మొదలుపెడుతున్నాం.

పెద్దవాళ్ళు పిల్లల పనిని సీరియస్‌గా తీసుకుంటే ఏమవుతుందో మన తెలుగులోనే పాత ఉదాహరణ ఉంది. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య పేర్లు మీ తాతయ్య, నాయనమ్మలని అడగండి. న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు. వాళ్ళు 1945లో మద్రాసు నుంచి 'బాల' అనే పత్రిక మొదలుపెట్టారు, పిల్లలు రాసింది కూడా అందులో అచ్చువేసేవాళ్ళు. ముళ్ళపూడి వెంకటరమణ గారి తొలి కథ వచ్చింది అందులోనే, అప్పటికి ఆయన ఇంకా కుర్రాడు. తర్వాత బుడుగు రాశారు. మన చేతిలో పత్రిక లేదు, కానీ ఇంటి గోడ ఉంది కదా. నాలుగు క్లిప్పులు, ఒక తాడు కట్టి, పిల్ల గీసింది దిద్దకుండా తగిలించండి.

ఫోను సంగతి కూడా తేల్చేద్దాం, వీడియోలు చేసుకునే మనిషిని, నేనే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క, రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట దాటొద్దు, తగ్గితే ఇంకా మంచిది. నా వీడియోలు కూడా ఆ గంటలోనే లెక్క. కానీ ఫోనుతో ఒక మంచి పని ఉంది. పిల్ల బొమ్మ గీశాక దాని గురించి చెప్పే కథ వాయిస్ రికార్డర్‌లో పట్టుకోండి. రెండు నిమిషాలు. తర్వాత వాళ్ళకే వినిపించండి, వాళ్ళ ముఖం చూడండి. అది స్టేటస్‌లో పెట్టకండి, ఇంట్లోనే ఉంచండి, ప్లీజ్.

ఇంక ప్రాజెక్టు వర్కు. రేపు ఉదయానికి థర్మాకోల్ ఇల్లు కావాలని రాత్రి పదింటికి గుర్తొస్తుంది. షాపులో రెడీమేడ్ దొరుకుతుంది, లేదా నాన్న కూర్చుని అతికిస్తాడు, పిల్ల నిద్రపోతుంది. స్కూల్లో నాన్నలకి పోటీ! ఈసారి ఒక్కసారి ప్రయత్నించండి. అగ్గిపెట్టెలు, గమ్ము ఇచ్చి పిల్లనే చెయ్యనివ్వండి, వంకరగా ఉన్నా అలాగే పంపండి. టీచరు ఏమైనా అంటే మీరు వెళ్ళి మాట్లాడండి, పిల్లని కాకుండా. టీచర్లలోనూ ఇలాంటివి ఇష్టపడేవాళ్ళు చాలామంది ఉన్నారు, కానీ వాళ్ళని షీట్లు పూర్తిచేయించలేదేమని అడిగేది మనమే. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటతో, చేతిపనితో నేర్పమనే చెప్తోంది. కాబట్టి మీరు అడిగేది గొంతెమ్మ కోరికేం కాదు.

అన్నట్టు ఆ అవనిగడ్డ ఆవిడ, ఫీజు కట్టేశారు కదా, వెనక్కి ఇవ్వమన్నారట. అడిగి చూడండి మేడమ్, ఇవ్వకపోతే బాబు వెళ్ళేది వారానికి రెండు గంటలేగా, మిగతా టైము వాడిదే. ముంజలు ఇంకా దొరుకుతున్నాయి కదా మీ వైపు.

మీ ఊళ్ళో ముంజకాయ బండిని ఏమంటారు, కొబ్బరాకుతో ఇంకేం చేసేవాళ్ళు, కామెంట్లో రాయండి. కోడూరు, నాగాయలంక వైపు వాళ్ళు తప్పకుండా రాయాలి, మీ దగ్గర నాకు తెలియనివి చాలా ఉంటాయి. బాగున్నవి చేసి చూపిస్తాను, చేసేది మాత్రం బుజ్జి, నేను కెమెరా పట్టుకుంటా, దాని చేతులు మాత్రమే కనపడేలా. ఉంటాను మరి, బై.